చెరువుకు రెండు గట్లు

(ముదలియార్‌పేటలో జరిగిన మన సిబ్బంది కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో పెద్దలు, మధ్యలో మిత్రులు, వెనక తలుపు దగ్గర పారిపోవడానికి సిద్ధంగా ఉన్న పిల్లలు, అందరికీ నమస్కారం.

నేను బ్యాంకులో చేరి ఇరవై రెండేళ్లయింది. కౌంటర్లో ఒక్కరోజు కూడా కూర్చోలేదు. నోట్ల కట్ట చేతికిస్తే మూడుసార్లు లెక్కపెడితే మూడు రకాలుగా వస్తుంది. మా ఆవిడ దీన్ని ప్రతి పెళ్లిలోనూ చెబుతుంది. నాది ప్రెమిసెస్ విభాగం, సివిల్ ఇంజనీరు ఉద్యోగం. బ్రాంచి కప్పు కారినా, స్ట్రాంగ్ రూము గోడ చెమ్మగిల్లినా, లీజు స్థలం కొలవాలన్నా నాకు ఫోను వస్తుంది. సాయంత్రాలు మాత్రం ఇంకో రకం ఫోన్లు. ‘ఏమండీ, మేము ఫ్లాటు చూశాం. గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ ఉందట. తీసుకోవచ్చా?’ అని.

మన కుటుంబాలకు ఇది చిన్న ప్రశ్న కాదు. స్టాఫ్ హౌసింగ్ లోను అంటే చాలామందికి జీవితంలో ఒకేసారి వాడుకునే అస్త్రం. దాన్ని తప్పు చోట వేస్తే మళ్లీ అమ్ములపొదిలో ఏమీ ఉండదు. కార్యదర్శిగారు ‘హరిత భవనాల గురించి ఒక అరగంట మాట్లాడండి’ అన్నారు. హరిత భవనాలన్నీ అరగంటలో అవవు. అందులో ఒకే ఒక్క లెక్క తీసుకుంటాను. నీళ్ల పక్కన కట్టే భవనానికి ‘అభివృద్ధి సాంద్రత’ ఎలా లెక్కిస్తారు అన్నది. అది ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆ లెక్క చూసే నేనొకసారి పొరపాటు సలహా ఇచ్చాను. ఆ సలహా తీసుకున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను.

మొదట సర్టిఫికెట్ సంగతి రెండు ముక్కల్లో. అమెరికాలో 1993లో ఏర్పడిన గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ తెచ్చిన పద్ధతి పేరు లీడ్. మన దేశంలో ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ 2001లో మొదలైంది, దాని కేంద్రం మన హైదరాబాదులోనే. గృహ అనే మరో పద్ధతి కూడా ఉంది. హైదరాబాదు హైటెక్ సిటీ వైపు వెళ్లినవాళ్లు సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూసే ఉంటారు, మధ్యలో గుండ్రటి ముంగిలి ఉన్న భవనం. 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం వచ్చిన మొట్టమొదటి భవనం అదే.

ఈ పద్ధతులన్నీ మార్కులతో నడుస్తాయి. లీడ్ 2009 సంచికలో మొత్తం 110 మార్కులు. 40 వస్తే సర్టిఫికెట్, 50కి సిల్వర్, 60కి గోల్డ్, 80కి ప్లాటినం. అందులో సాంద్రత, ఇరుగుపొరుగు సౌకర్యాలు అనే ఒక్క అంశానికే 5 మార్కులు. 55 దగ్గర ఆగిన భవనాన్ని ఆ అయిదూ 60కి లాగుతాయి, సిల్వరు గోల్డవుతుంది. బ్రోచర్ మీద రంగు మారుతుంది. చదరపు అడుగు ధరా మారుతుంది. ఆ అయిదు మార్కుల కోసం ఎందుకంత తాపత్రయమో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

కిక్కిరిసిన చోట కడితే మార్కులెందుకు అని అడుగుతారు. ఊరి బయట పొలంలో విశాలంగా కడితేనే కదా పచ్చదనం? అక్కడే ఉంది కిటుకు. ఊరి బయట కడితే కొత్త రోడ్డు వెయ్యాలి, కొత్త పైపు లాగాలి, కొత్త కరెంటు స్తంభాలు నాటాలి. పాలప్యాకెట్‌కి కూడా బండి తియ్యాలి. ఒక పొలం పోతుంది, దాని వెనక ఇంకో పొలం పోతుంది. ఉన్న ఊళ్లో, ఉన్న రోడ్డు మీద, పాత కట్టడం ఉన్న స్థలంలో కడితే ఇవేవీ ఉండవు. అందుకని దట్టంగా ఉన్న పేటలో కట్టినవాడికి మార్కులిస్తారు. ఇందులో నాకు పేచీ లేదు. మన ముదలియార్‌పేట వీధులే చూడండి, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. కూరగాయల బండి గుమ్మం ముందుకే వస్తుంది.

ఎంత దట్టంగా ఉండాలి? లీడ్ 2009 ప్రకారం ఎకరానికి 60,000 చదరపు అడుగుల కట్టడం. ఎకరమంటే 43,560 చదరపు అడుగులు. అంటే భూమికి ఇంచుమించు ఒకటిన్నర రెట్ల లోపే, 1.38. రెండంతస్తుల మామూలు బజారు వీధిని మనసులో పెట్టుకుని ఆ అంకె పెట్టారు. మన స్థలమొక్కటే అలా ఉంటే చాలదు, చుట్టుపక్కలా అలాగే ఉండాలి. చుట్టుపక్కల అంటే ఎంత దూరం? అదీ మన స్థలం సైజు మీదే ఆధారపడుతుంది. స్థలం వైశాల్యాన్ని చదరపు అడుగుల్లో తీసుకుని, వర్గమూలం కట్టి, మూడుతో హెచ్చించాలి. వచ్చినన్ని అడుగుల వ్యాసార్ధంతో మ్యాపు మీద వృత్తం గియ్యాలి.

పదో తరగతి పిల్లలెవరైనా ఉన్నారా? 40,000కి వర్గమూలం? ... రెండు వందలు, శభాష్. మూడు రెట్లు ఆరు వందలు. సుమారు 92 సెంట్ల స్థలానికి ఆరు వందల అడుగుల వృత్తం. ఆ వృత్తం వైశాల్యం దాదాపు 26 ఎకరాలు. ఆ వృత్తంలో పడే ప్రతి స్థలాన్నీ పట్టిక రాయాలి. ఒక గడిలో స్థలం విస్తీర్ణం, పక్క గడిలో దాని మీదున్న అన్ని అంతస్తుల విస్తీర్ణం. మన భవనం కూడా అందులోనే. కూడాలి, భాగించాలి. అంతే. నోట్లు లెక్కపెట్టలేని నాకే వచ్చిన లెక్క ఇది.

ఇక నీళ్ల దగ్గరికి వద్దాం. ఒక కళ్యాణమండపంలో భోజనాలు జరుగుతున్నాయి. మండపం వెనక కోనేరు. ‘పందిరి ఎంత ఇరుగ్గా ఉంది’ అని తేల్చాలంటే కూర్చున్న మనుషుల్ని పందిరి వైశాల్యంతో భాగిస్తాం. కోనేరు కూడా మండపం ఆవరణలోనిదే కదా అని దాన్నీ కలిపి భాగిస్తే ‘ఎంత విశాలంగా ఉందో’ అని వస్తుంది. ఇక్కడ మోచెయ్యి మోచెయ్యి తగిలి పప్పు ఒలికిపోతూ ఉంటుంది. కోనేట్లో ఎవరూ ఆకు వేసుకుని కూర్చోలేరు. అందుకని చెరువులు, నదులు, సముద్రం, ఖాళీ పార్కులు, ప్రభుత్వ రోడ్లు, వీటన్నిటినీ భాగహారంలోంచి తీసెయ్యాలి. రూలు అలాగే చెబుతుంది.

అంకెల్లో చూస్తే దీని బలం తెలుస్తుంది. మన వృత్తంలో 26 ఎకరాలు. అందులో రోడ్లూ పార్కూ కలిసి 6 ఎకరాలు, చెరువు 7 ఎకరాలు, మిగిలిన 13 ఎకరాలు జనం స్థలాలు. వాటి మీద మొత్తం కట్టడం 8 లక్షల చదరపు అడుగులు అనుకోండి. 13తో భాగిస్తే 61,538. పాస్. చెరువును మర్చిపోయి కలిపేస్తే 20 ఎకరాలతో భాగించాలి, నలభై వేలు. ఫెయిల్. ఊరు అదే, ఇళ్లు అవే.

మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు నేను చెరువును కలిపేసి, ‘ఇక్కడ మార్కులు రావండీ’ అని కాగితం తిప్పి పంపాను. అవతల కూర్చున్న కుర్ర కన్సల్టెంటు మర్యాదగా రూలు పుస్తకం తెరిచి వేలుపెట్టి చూపించాడు. ఆ రోజు నుంచి నీళ్లు తీసెయ్యడం బాగా ఒంటబట్టింది. ఎంతగా అంటే, నీళ్లు తీసేసి లెక్క సరిపోతే ఇంక చూడాల్సిందేమీ లేదనుకునేంతగా. నా పొరపాటు అక్కడ మొదలైంది.

ఆ కథకు ముందు ఒక చిన్న పక్కదారి. నీళ్లు పోతాయి సరే, ఖాళీ భూమి మాత్రం పోదు. మన పేటలో ఏఎఫ్‌టీ మిల్లు ఉంది. 1898 నాటి మిల్లు, 2020లో మూతపడింది. దాని సైరనుతో గడియారాలు సరిచేసుకున్న కుటుంబాలు ఈ వీధుల్లో ఇంకా ఉన్నాయి. అలాంటి పెద్ద ఆవరణ పక్కన మీరు కడితే, మీ వృత్తం దాని ప్రహరీ గోడను కొంచెం తాకినా చాలు, ఆ స్థలం మొత్తం పట్టికలోకి ఎక్కుతుంది. మీ వృత్తంలో పడిన ముక్క మాత్రమే కాదు, మొత్తం. ఎకరాలకు ఎకరాల నేల, దాని మీద పాత షెడ్లు. సగటు ధభాలున పడిపోతుంది. చెరువు పక్కనున్నవాడికి లెక్క కలిసొస్తుంది, మూతబడ్డ మిల్లు పక్కనున్నవాడికి కలిసిరాదు. నన్నడిగితే మిల్లు స్థలం పక్కన కట్టడమే ఊరికి ఎక్కువ మేలు. రూలు అలా అనుకోలేదు. రూలుకు ముదలియార్‌పేట తెలియదు కదా.

ఇక అసలు కథ. 2023 మే నెల. మా విభాగంలో పనిచేసి రిటైరైన సీనియర్ ఒకాయన, ఆయన భార్య, ఊరికి దక్షిణాన ఒక చెరువు పక్కన కడుతున్న అపార్టుమెంటు చూశారు. పిల్లలు దూరదేశంలో. వచ్చిన రిటైర్మెంటు డబ్బు, ఉన్న ఇల్లు అమ్మితే వచ్చేది, రెండూ కలిపి ఈ ఫ్లాటు. ఏ చెరువో, ఏ బిల్డరో అడక్కండి. ఆ పక్కన వేల్‌రాంపట్టు చెరువుంది, మురుంగపాక్కం చెరువుంది, ఇంకా చిన్నవీ ఉన్నాయి. ఏదైనా అనుకోండి.

సారు బ్రోచరు, దానితోపాటు సర్టిఫికెట్ దరఖాస్తు తాలూకు సాంద్రత షీటు తెచ్చి నా ముందు పెట్టారు. ‘చూసి చెప్పవోయ్’ అన్నారు. నేను చూశాను. వృత్తం సరిగ్గా గీశారు. వర్గమూలం సరిగ్గా ఉంది. చెరువు తీసేశారు, రోడ్లు తీసేశారు. గుర్తుంచుకోవడానికి వీలుగా ఇందాకటి అంకెలే వాడుకుందాం. చెరువు 7 ఎకరాలు, మిగిలింది 13, వచ్చింది 61,538. ‘లెక్క ముత్యంలా ఉంది సార్, తీసుకోండి’ అన్నాను. ఆయన వారంలో అడ్వాన్సు కట్టారు.

నెల తర్వాత వాళ్లింట్లో భోజనానికి వెళ్లాను. అక్కయ్యగారు పెరుగు వడ్డిస్తూ, ‘తమ్ముడూ, ఒక చిన్న మాట. మేము మే నెలలో చూశాం కదా, చెరువు అడుగంటి ఉంది. కార్తీకంలో ఎంత దూరం వస్తుంది?’ అని అడిగారు. ఆవిడది గోదావరి పక్క ఊరు. 1986 ఆగస్టు వరద చూసినావిడ. గట్టు అనే మాటకు మనకు తెలిసిన అర్థం వేరు, వాళ్లకు తెలిసిన అర్థం వేరు. నేను ఇంజనీరు ముఖం పెట్టి, ‘అదంతా చూసే లెక్క కట్టారండీ’ అన్నాను. అన్నానే కానీ పెరుగన్నం సహించలేదు.

మర్నాడు సారు దగ్గరున్న కాగితాలన్నీ తెప్పించుకున్నాను. సాంద్రత షీటు పక్కన లేఔట్ ప్లాను పరిచాను. రెండింటిలోనూ అదే చెరువు. సాంద్రత షీటులో 7 ఎకరాలు. లేఔట్ ప్లానులో, అదే వృత్తం వేసి కొలిస్తే, 4 ఎకరాలు.

మూడు ఎకరాల చెరువు ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు. మే నెలలో నీళ్లు ఎక్కడ ఆగాయో అక్కడ గీత గీసి, లేఔట్ ప్లానులో దాన్నే ఒడ్డు అన్నారు. ఎండిన మూడు ఎకరాల మీద రెండో దశ. క్లబ్‌హౌసు, పార్కింగు, మురుగునీటి శుద్ధి ప్లాంటు, అన్నీ అక్కడే. సాంద్రత షీటులో మాత్రం రెవెన్యూ రికార్డులో ఉన్న పూర్తి చెరువు. ఎందుకు? అక్కడ చెరువు ఎంత పెద్దదైతే అంత మంచిది, భాగహారంలోంచి అంత పోతుంది. లేఔట్‌లో చెరువు ఎంత చిన్నదైతే అంత మంచిది, అంత అమ్ముకోవచ్చు. ఒకే చెరువుకు రెండు గట్లు. ఒక్కో కాగితం విడిగా చూస్తే తప్పు లేదు. నేను ఒకే కాగితం చూశాను.

ఆ మూడు ఎకరాలు ఎవరివన్నది తేలాలి కదా. ప్రైవేటు భూమే అంటే, దాన్ని పట్టికలోకి ఎక్కించాలి. అప్పుడు 8 లక్షలను 16తో భాగించాలి, యాభై వేలు. అయిదు మార్కులూ పోతాయి, గోల్డు పోతుంది. కాదు, చెరువు పోరంబోకే అంటే, మార్కులు ఉంటాయి, క్లబ్‌హౌసు ఉండదు. ఏదో ఒకటే నిజమవుతుంది. సారు ఈ ప్రశ్నే రాతపూర్వకంగా అడిగారు. జవాబుగా చాలా అందమైన త్రీడీ బొమ్మలు వచ్చాయి. ఆ బొమ్మల్లో చెరువులో బాతులు కూడా ఉన్నాయి. సర్వే నంబరు లేదు.

ఆ కార్తీకంలో ముగ్గురం వెళ్లి చూశాం. పుదుచ్చేరికి పెద్ద వానలు అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే. మేలో మేము నిలబడి ఫొటో తీసుకున్న చోట మోకాలి లోతు నీళ్లు, రెండు కొంగలు. సారు చెప్పులు చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. నేనేమీ మాట్లాడలేదు. ఫ్లాటు వదులుకున్నారు. అడ్వాన్సులో కొంత వెనక్కొచ్చింది, కొంత రాలేదు. ఎంత రాలేదో చెప్పొద్దని మూడో వరసలోంచి కళ్లతో హెచ్చరిక వస్తోంది.

ఆ తర్వాత నేను రూలు పుస్తకం మళ్లీ మొదటినుంచి చదివాను. నిజం చెప్పాలంటే అంతకుముందు నాకు కావలసిన పేజీలే చదివేవాణ్ని. నీళ్ల గురించి ఆ పుస్తకంలో వేరే చోట వేరే మాటలున్నాయి. స్థలం ఎంపిక అంశంలో, అంతకుముందు కట్టడం లేని నేల అయితే, చెరువో నదో సముద్రమో ఉన్నచోట 50 అడుగుల లోపల కట్టకూడదు. చిత్తడి నేలలకైతే 100 అడుగులు. తర్వాతి సంచికలో ఇవి తారుమారయ్యాయి, నీటి వనరులకు 100 అడుగులు, చిత్తడి నేలలకు 50. ఇంకొకటి, నూరేళ్ల వరదమట్టం కన్నా అయిదడుగులైనా ఎత్తు లేని కొత్త నేల మీద కట్టినా ఆ మార్కు రాదు. మార్కు రాదు అంటున్నాను, కట్టడం నిషేధం అనడం లేదు. తేడా గమనించండి. ఈ ఒక్క మార్కు వదులుకుని, సాంద్రతలో అయిదు మార్కులు తెచ్చుకుని, గోల్డు బోర్డు పెట్టుకోవచ్చు. పద్ధతిలో ఆ సందు ఉంది.

‘నూరేళ్ల వరద’ అన్న మాట విని చాలామంది ‘మన కాలంలో రాదులే’ అనుకుంటారు. దాని అర్థం నూరేళ్లకొకసారి అని కాదు. ఏ సంవత్సరమైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. మనం బ్యాంకువాళ్లం, చక్రవడ్డీ తెలిసినవాళ్లం. ఇరవయ్యేళ్ల హౌసింగ్ లోను కాలంలో ఒక్కసారైనా అది వచ్చే అవకాశం ఎంత? 0.99ని ఇరవైసార్లు హెచ్చించి ఒకటిలోంచి తీసెయ్యండి. నూటికి 18. ముప్పయ్యేళ్ల లోనుకి 26. నూటికి 18 మంది ఎగ్గొడతారని తెలిస్తే ఏ మేనేజరైనా అప్పు సాంక్షను చేస్తారా?

సర్టిఫికెట్ వేరు, చట్టం వేరు. అది కూడా చెప్పాలి. మనకు తూర్పున సముద్రం, దక్షిణాన అరియాంకుప్పం నది. తీరప్రాంత నియంత్రణ ప్రకటన మొదట 1991లో వచ్చింది, 2011లో, 2019లో మార్చి రాశారు. ఆటుపోట్ల గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల దాకా దాని పరిధి. ఆటుపోట్లు వచ్చే నదులూ వాగుల ఒడ్డున 2011లో 100 మీటర్లున్న దూరాన్ని 2019లో 50కి తగ్గించారు. అందులో ఇంకో తమాషా ఉంది. 2019 ప్రకటనలో గ్రామీణ తీరాన్ని రెండుగా విడదీశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మంది కన్నా ఎక్కువ ఉంటే నిర్మాణం కూడని పట్టీ 50 మీటర్లే. తక్కువుంటే 200 మీటర్లు. అక్కడా సాంద్రతే. అక్కడ మనుషుల్ని లెక్కపెట్టారు, ఇక్కడ అంతస్తుల్ని. ఎక్కువమంది ఉన్నచోట నీళ్లకు దగ్గరగా కట్టుకోవచ్చు అన్న ఈ వాదన నాకు పూర్తిగా మింగుడుపడలేదు. తరతరాలుగా ఒడ్డున ఉన్న మత్స్యకారుల ఇళ్లకు అది న్యాయమే. కొత్తగా వచ్చే టవరుకి ఎందుకో తెలియదు.

హైదరాబాదులో ఇల్లు కొనాలనుకుంటున్నవాళ్లు ఇక్కడ నలుగురైదుగురున్నారు. అక్కడ గట్టు అన్న మాటకు లెక్క ఉంది. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పటి పూర్తి నీటిమట్టం. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలి. నీళ్లు ఇవాళ ఎక్కడున్నాయని కాదు, నిండితే ఎక్కడుంటాయని. అది సరైన ప్రశ్న. 2024 జూలైలో హైడ్రా ఏర్పడ్డాక ఆ గీత లోపల కట్టినవాటి మీదికి యంత్రాలు వెళ్లడం మీరంతా టీవీలో చూశారు. కూలిన గోడలకు ఈఎంఐ ఆగదు. ఆ సంగతి మనకన్నా ఎవరికి బాగా తెలుసు?

సాంద్రత కుదరనివాళ్లకు రెండో దారి కూడా ఉంది, ఇది మీకు నచ్చుతుంది. అరమైలు లోపల నివాసప్రాంతం, పది రకాల సౌకర్యాలు ఉంటే అవే అయిదు మార్కులు ఇస్తారు. బడి, మందుల షాపు, పోస్టాఫీసు, గుడి, కిరాణా ఇలా ఒక జాబితా ఉంది. ఆ జాబితాలో మొట్టమొదటి పేరు ఏమిటో తెలుసా? బ్యాంకు! చప్పట్లు కొట్టేముందు ఆగండి. ఒక్కో రకాన్ని ఒక్కసారే లెక్కపెట్టాలి. కడలూరు రోడ్డు మీద ఎన్ని బ్యాంకులున్నా ఒక్కటే మార్కు సామాను. హోటళ్లను మాత్రం రెండుదాకా లెక్కపెట్టొచ్చు. ఎవరు రాశారో కానీ ఆకలి తెలిసినవాళ్లు.

ఇందులోనూ నీళ్లు అడ్డొస్తాయి. మ్యాపులో చెరువు అవతల ఒడ్డున బడి కనిపిస్తుంది, వృత్తంలోనే ఉంటుంది. మనిషి నీళ్ల మీద నడవడు. అందుకే ఆ సౌకర్యానికి అడ్డం లేకుండా నడిచి వెళ్లే దారి ఉండాలని రూలు పెట్టారు. మన పేటకు ఉత్తరాన రైలు పట్టాలున్నాయి. మిల్లు దగ్గర గేటు పడితే ఎంతసేపు నిలబడతామో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. బ్రోచర్లో ‘స్టేషనుకు అయిదు నిమిషాలు’ అని ఉంటే, గేటు తెరిచి ఉన్నప్పుడా, వేసి ఉన్నప్పుడా అని అడగండి.

కొత్త సంచికలో లెక్క కొంచెం మారింది. స్థలం సైజు ఏదైనా పావు మైలు, అంటే 400 మీటర్ల వృత్తమే. కట్టడానికి వీలున్న భూమి మీద ఎకరానికి 22,000 చదరపు అడుగులుంటే కొన్ని మార్కులు, 35,000 ఉంటే ఇంకొన్ని. చట్టం కట్టొద్దన్న భూమి భాగహారంలోకి రాదు. మాట మారినా సందు అదే. కట్టడానికి వీల్లేదని లెక్కలో తీసేసిన నేల మీద, ఇంకో కాగితంలో ఎవరైనా ఏదైనా కడుతున్నారా అన్నదే చూడాలి.

2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను మన పక్కనే తీరం దాటింది. ఒక్కరోజులో 46 సెంటీమీటర్ల పైన వాన. ఆ రాత్రి మీలో ఎవరు నిద్రపోయారో నాకు తెలియదు, నేను పోలేదు. మా బ్రాంచి జనరేటరు గది గురించి ఒక భయం, ఇంట్లో గుమ్మం దాకా వచ్చిన నీళ్లు ఇంకో భయం. తెల్లవారాక సారుకి ఫోను చేశాను. వాళ్ల పాత ఇల్లు ఇక్కడే, ముదలియార్‌పేటలో, రెండో అంతస్తు. వీధిలో మోకాలి పైకి నీళ్లు. స్కూటరు మునిగింది. కింది వాటా వాళ్ల బియ్యం డబ్బాలు, ఇద్దరు పిల్లలు, కుక్కపిల్ల, అందరూ వీళ్ల హాల్లోనే. అక్కయ్యగారు ఫోనందుకుని, ‘తమ్ముడూ, ఉప్మా చేస్తున్నాను, పన్నెండు మందికి’ అన్నారు. కాబట్టి పాత పేటలో ఉంటే నీళ్లు రావని నేను చెప్పను. వచ్చాయి. ఆ చెరువు పక్క రెండో దశ దగ్గరికి నేను వారం తర్వాత వెళ్లాను. పునాది ఇనుప చువ్వలు నీళ్లలోంచి చిటికెన వేళ్లలా పైకి కనిపించాయి. అప్పటికి పని ఆగి కొన్నాళ్లయిందట. ఎవరెవరు అడ్వాన్సులు కట్టారో నాకు తెలియదు. నేను లెక్క ముత్యంలా ఉందన్న షీటు ఇంకా ఆ ఆఫీసు గోడ మీదే ఉందేమో.

ఇప్పుడు మీరు నీళ్ల పక్కన ఫ్లాటు చూస్తే నాకు ఫోను చెయ్యండి, కానీ బ్రోచరు ఒక్కటే పట్టుకుని కాదు. సాంద్రత షీటు అడగండి, లేఔట్ ప్లాను అడగండి, రెండూ ఒకే స్కేలులో పక్కపక్కన పెట్టించండి. చెరువు సర్వే నంబరు, రికార్డులో దాని విస్తీర్ణం రాయించుకోండి. రెండు కాగితాల్లోనూ ఆ అంకె ఒకటేనా చూడండి. సముద్రమో నదో దగ్గరైతే తీరప్రాంత మ్యాపులో మీ సర్వే నంబరు ఎక్కడ పడిందో అడగండి. మన లీగల్ ఒపీనియను టైటిల్ చూస్తుంది, వాల్యుయేషను ధర చూస్తుంది. ఒడ్డు ఎక్కడుందో చూసే గడి మన ఫారాల్లో లేదు. ఉండాలని నేను పైకి ఒక నోట్ రాశాను. జవాబు వస్తే మన పత్రికలోనే వేయిస్తాను.

ఇంకొక్కటి. స్థలాన్ని మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి చూడండి. బిల్డరు ‘ఆఫరు ఈ నెలాఖరుదాకానే’ అంటాడు. అననివ్వండి.

వెనకనుంచి టీ చల్లారిపోతోందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అక్కడే అడగండి. వర్గమూలం చెప్పిన అమ్మాయి ముందుకు రామ్మా, నీకు రెండు బిస్కెట్లు ఎక్కువ.